రెండు జంగ్‌లు

ఉర్దూలో జీమ్‌తో రాస్తే జంగ్ అంటే యుద్ధం, జేతో రాస్తే తుప్పు. తెలుగు లిపిలో రెండూ ఒకటే. 1/35 సైజులో అమెరికా షెర్మన్ ట్యాంకు మోడల్ చేసే షౌఖీన్లు కూడా రెంటినీ కలిపేస్తున్నారు. లోపలంతా తుప్పురంగు పూసి జంగ్ చూపించామంటారు. నా రాయ్‌లో అది గలత్.

అసలు ట్యాంకులో లోపల ఎక్కువ భాగం తెలుపే. ఇరుకు ఉక్కుడబ్బాలో ఉన్న కాస్త రోషనీ చాలాలి కదా! మూత తెరిస్తే దుష్మన్ కంట పడకూడదని దాని లోపలి వైపు మాత్రం ఆలివ్ పచ్చ.

వాడకంలో ఉన్న బండిలో తుప్పు కంటే మురికే ఎక్కువ. తెలుపు ఆరాక పల్చటి మట్టిరంగు మూలల్లోకి దించండి. బూట్లు రాసుకునే నేల, చేతులు పట్టే మూత అంచు, అక్కడే పెచ్చులు చూపండి. అయిదుగురు ఇన్సాన్లు కూర్చున్న జాగా అది. వాళ్ల నిషాన్ కనపడాలి.