వంట వేఱు, వడ్డన వేఱు



అంతర్జాలమున సొంతముగా ఒక వెబ్‌సైటు పెట్టుకొని, అందు వంటలును వ్రతకథలును వ్రాయుచున్న సోదరి యొకరు మాకు ఇట్లు జాబు వ్రాసిరి: "నా పుట కంటికి ఇంపుగా లేదు. థీము మార్చుమని పిల్లలు చెప్పుచున్నారు. మార్చినచో మూడేండ్లుగా వ్రాసినదంతయు పోవునేమో యని భయముగా నున్నది." ఈ భయము ఆమె యొక్కరిదే కాదు. కావున ఈ మాసము దీనినిగూర్చియే ముచ్చటింప నెంచితిమి.

మొదట మనకు తెలిసిన సంగతి చూతము. గణపవరమున మా వీథిలో పెండ్లి యనుకొనుడు. వంటశాలలో పప్పు, పనసపొట్టు కూర, ముక్కలపులుసు, పులిహోర, బూరెలు గుండిగలలో సిద్ధముగా నున్నవి. పందిటిలో పెద్దలకు అరటియాకు కొన ఎడమవైపునకు వచ్చునట్లు వేసి, ఏ పదార్థము ఏ చోట నుండవలెనో ఆ చోటనే వడ్డింతురు. చంటిపిల్లలకు చిన్నగిన్నెలో పెట్టుదురు. రాలేని ముసలమ్మగారికి క్యారియరులో సర్ది పంపుదురు. వంట ఒక్కటియే, వడ్డనలు మూడు. ఆకు మార్చినంతమాత్రమున వంటశాలలోని గుండిగ తఱుగదు గదా!

వర్డ్‌ప్రెస్ మొదలగు విషయనిర్వహణ సాధనముల యందలి ఏర్పాటు సరిగా ఇట్టిదే. మీరు వ్రాసిన శీర్షిక, వ్యాసము, తేదీ, రచయిత్రి పేరు ఇవన్నియు అలంకార మేమియు లేక డేటాబేసు అను కొట్టుగదిలో విడివిడి అఱలయందు భద్రముగా నుండును. టెంప్లేటు అనునది ఆకులో చోట్లను నిర్ణయించు కట్టడి: శీర్షిక పైన, తేదీ దాని క్రింద, వ్యాసము నడుమ, తక్కిన వ్యాసముల పట్టిక ప్రక్కన. స్టైల్‌షీటు అనునది రంగును, అక్షరముల పరిమాణమును, వరుసల నడిమి యెడమును చెప్పు పత్రము. ఈ టెంప్లేటులును స్టైల్‌షీటును కలిసిన కట్టనే థీము అందురు. చదువరి మీ పుటను కోరినప్పుడు, ఆ సాధనము కొట్టుగదినుండి విషయమును దెచ్చి, టెంప్లేటు చెప్పిన చోట్ల వడ్డించి పంపును. చదువరి చేతిలోని బ్రౌజరు స్టైల్‌షీటును చూచి దానికి రంగులద్దును. తలకట్టునకు ఒక్క టెంప్లేటే యుండుటచేత, దానిని ఒక్కచోట దిద్దినచో మూడువందల పుటలలోను దిద్దినట్లే యగును. తెర యిరుకైన ఫోనునకు వేఱు అమరికయు స్టైల్‌షీటుననే వ్రాసియుంచవచ్చును.

విషయమును వేషమును వేఱుపఱుపవలెనను తలంపు చిరకాలముది. స్టైల్‌షీటుల పద్ధతిని 1994లో హోకన్ వియుం లీ అను నార్వేదేశీయుడు సూచించెను. 1996 డిసెంబరులో దాని మొదటి ప్రమాణము వెలువడెను. వర్డ్‌ప్రెస్ 2003 మే 27న పుట్టినను, థీములను మార్చుకొను వసతి 2005 ఫిబ్రవరిలోని 1.5వ కూర్పుతోనే వచ్చినది. 2003 డిసెంబరులో ఆరంభమైన మన తెలుగు వికీపీడియాయందును ఇదే నీతి కలదు. అక్కడ టెంప్లేటునకు "మూస" అని చక్కని పేరు పెట్టిరి. గ్రామముల వ్యాసములలో కుడిప్రక్కన కనబడు సమాచారపెట్టెలు ఒక్క తీరున నుండుట కా మూసయే కారణము. పుటయొక్క పైరూపమును చదువరి తన కిష్టము వచ్చినట్లు మార్చుకొనవచ్చును. వ్యాసములోని అక్షర మొక్కటియు మాఱదు.

ఇంత విభజన యెందులకని కొందఱు అడుగవచ్చును. విషయమును వేషమును ఒక్కటిగా అంటగట్టినచో నేమగునో తెలుగువారమైన మన మెఱుగుదుము. తెలుగు లిపికి 1991లోనే యూనికోడునందు చోటు దొరకినను, అటుపిమ్మట పెక్కేండ్లు మన పత్రికలును అచ్చుకూటములును తమ తమ సొంత ఫాంటులనే వాడుకొనెను. వానిలో లోపల నిలిచినవి రోమను అక్షరముల సంకేతములు. పైన వేసినది తెలుగు ముసుగు. ఆ ఫాంటు ఉన్నంతవఱకు అది తెలుగు. లేనినాడు అర్థములేని గిలుకుడు. తెలుగు వికీపీడియాను ఆరంభించిన వెన్న నాగార్జునగారే ఇట్టి వ్రాతలను యూనికోడునకు మార్చుటకు "పద్మ" అను సాధనమును నిర్మించిరి. ముసుగు తీసి మనిషిని గుర్తించినట్టి పని యది.

మా యింటి సంగతియు ఒకటి చెప్పవలసియున్నది. మా అత్తగారు పెండ్లిపాటలును మంగళహారతులును కమ్మగా పాడెడివారు. వారి కాలమునందే మా ఆడుబిడ్డ ఆ పాటలను పట్టణములోని యొక దుకాణమున టైపు చేయించి, ఒక డిస్కులో దాచినది. అత్తగారు గతించిన పెక్కేండ్లకు, మనుమరాలి పెండ్లికని ఆ డిస్కును తెఱచి చూచితిమి. పాటలు లేవు, రోమను అక్షరములును, ఆశ్చర్యార్థకములును, చుక్కలును పుటలనిండ ఉన్నవి. మా ఆడుబిడ్డ తెర ముందు కూర్చుండి కన్నీరు పెట్టుకొన్నది. మా వారి పూర్వశిష్యుడొకడు ఫాంటు పేరును కనిపెట్టి, దానిని మార్చు సాధనమును వెదకి తెచ్చుటచే చాలవఱకు తిరిగి వచ్చినవి. ఒత్తులు తాఱుమాఱైనచోట మేమును ఆమెయు రాత్రులు కూర్చుండి, చెవిలో మిగిలిన బాణీనిబట్టి దిద్దుకొంటిమి. ఐనను నాలుగు పాటలలో కొన్ని మాటలు దొరకలేదు. అవి యెట్లుండెడివో చెప్పువా రిప్పుడు లేరు. ఆ పాటలను దాచినామనుకొన్నాము. దాచినది వాని చీరను మాత్రమే.

కావున జాబు వ్రాసిన సోదరికి మా మాట యిది. థీము మార్చుడు, భయపడవలదు. మీ వ్యాసములు కొట్టుగదిలో నట్లే యుండును, చిత్రములును చెక్కుచెదరవు. ఐనను ముందుగా అంతయు ఒక ప్రతి తీసి వేఱొకచోట దాచుడు. క్రొత్త థీమును అమలు పెట్టకమునుపే దాని నమూనాను చూచుకొనుడు. పైవరుస పట్టికలును, ప్రక్కపెట్టెలును చోటు తప్పవచ్చును. వానిని మరల సర్దుకొనవలెను. పాతథీముతో వచ్చిన ప్రత్యేకసంకేతములను వ్యాసములలో వాడియుంటిరేని, అవి బ్రాకెట్లలో అర్థముకాని మాటలుగా మిగులును.

ఇక మీదట పాటింపవలసినవి నాలుగు కలవు. ఒకటి: వ్యాసము నడుమ శీర్షికను ఎఱ్ఱరంగు పూసి, అక్షరము పెంచి చేయకుడు, "శీర్షిక" అని గుఱుతుపెట్టి విడువుడు. రంగు సంగతి థీము చూచుకొనును. చూపు లేనివారికి పుటను చదివి వినిపించు సాధనములు ఆ గుఱుతునుబట్టియే శీర్షికనుండి శీర్షికకు నడచును. ఎఱ్ఱరంగు వానికి తెలియదు.

రెండు: చెప్పవలసిన మాటను అలంకారపు బొమ్మలో ఇమిడ్చి ఉంచకుడు. 2022 ఏప్రిలు 4న ఏలూరు జిల్లా ఏర్పడినది. పాతజిల్లా పేరును తలకట్టు బొమ్మలో చెక్కించుకొన్నవారు బొమ్మనే తిరిగి గీయించుకొనవలసివచ్చును. అక్షరములలో వ్రాసికొన్నవారికి ఒక్కమాట దిద్దుకొన్న చాలును.

మూడు: థీము తఱుచుగా ఆంగ్లమునకై కుట్టిన రవిక, మన యొడలికి సరిచూచుకొనవలెను. తెలుగునకు పైన గుడులును క్రింద ఒత్తులును గలవు. వరుసల నడిమి యెడము చాలనిచో, పైవరుస ఒత్తు క్రిందివరుస గుడిని తగులును. అక్షరపు రంగునకును వెనుకరంగునకును వెలుగులోని భేదము, సాధారణాక్షరములకు, 4.5 కి 1 పాలునకు తక్కువ కాగూడదని అంతర్జాల సౌలభ్యప్రమాణములు చెప్పుచున్నవి. లేతబూడిదరంగు వ్రాత నాజూకే కాని, అవ్వగారి కన్నులకు అది లేనట్లే.

నాలుగు: థీములో సొంతమార్పు చేయదలచినచో "చైల్డ్ థీము" పెట్టుకొని దానియందు చేయుడు. మూలథీమునందే దిద్దినచో, క్రొత్తకూర్పు వచ్చిననాడు మీ దిద్దుబాటు తుడిచిపెట్టుకొని పోవును.

అలంకారము వలదని మా యభిప్రాయము కాదు. వడ్డన తెలియని యింట మంచివంటయు రుచింపదు. ఆకు తుడుచుట, వరుస తప్పక వేయుట, కొసరి యడుగుట ఇవియు గృహిణి మర్యాదలే. కాని ఆకు ఆనాటిది; వంట తరతరములది. మీ అమ్మగారి ఆవకాయ పాళ్లను ఏ రంగులో చూపవలెనో ఏటేట మార్చుకొనుడు. పాళ్లను మాత్రము యూనికోడు తెలుగులో, తెల్లని మాటలలో, కొట్టుగదిలో నుంచుడు. ముప్పదియేండ్ల పిమ్మట మీ మనుమరాలు తెఱచిననాడు ఆమెకు చుక్కలును ఆశ్చర్యార్థకములును గాక, కారమెంత, ఆవపిండి యెంత, ఉప్పెంత అను మాటలే కనబడవలెను.