నాలుగు లెక్కలు చాలు

502లోంచి 278 తీసేయమంటే మూడో తరగతి పిల్లలు తరచూ రాసే తప్పు జవాబు 376. రెండులోంచి ఎనిమిది పోదు గనక ఎనిమిదిలోంచి రెండు తీసేస్తారు. సున్నాలోంచి ఏడు పోదు గనక ఏడును అలాగే దించేస్తారు. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలన్న సంగతి ఇంకా పట్టుబడలేదు, ఆ లోటును సొంత పద్ధతితో పూడ్చుకున్నారు. ఇలాంటివి ఇరవై లెక్కలు ఇంటికిచ్చి పంపితే ఆ తప్పు పద్ధతే ఇరవైసార్లు సాధన అవుతుంది. నాలుగే ఇచ్చి, మర్నాడు టీచరు వాటిని శ్రద్ధగా చూస్తే బిడ్డ ఎక్కడ తడబడిందో అప్పటికప్పుడే తేలిపోతుంది. హోంవర్కు విలువంతా ఆ చూడటంలోనే ఉందని నా నమ్మకం.

పరిశోధనలు కూడా హోంవర్కును గంపగుత్తగా మెచ్చుకోవు. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారిస్ కూపర్ బృందం 1987 నుంచి 2003 దాకా అమెరికాలో జరిగిన అధ్యయనాలను సమీక్షించి 2006లో ప్రచురించింది. హోంవర్కుకూ చదువులో రాణింపుకూ ఉన్న సంబంధం ఏడో తరగతి నుంచి పైన గట్టిగానూ, అంతకు కింద బలహీనంగానూ కనిపించింది. బాగా చదివే పిల్లలే హోంవర్కు ఎక్కువ చేస్తూ ఉండొచ్చు కాబట్టి ఆ సంబంధాన్ని కూడా ఆచితూచి తీసుకోవాలి. అదే ఏడాది మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె కాలేజీ విద్యార్థులపై చేసిన ప్రయోగం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. పాఠాన్ని మళ్ళీ చదివినవాళ్ళకు వారం తర్వాత 42 శాతం గుర్తుంటే, పాఠం పక్కనపెట్టి గుర్తున్నది రాసినవాళ్ళకు 56 శాతం గుర్తుంది. మన బడుల్లో ఇచ్చేది చాలావరకు దీనికి తలకిందులు. గైడు తెరిచి ప్రశ్న జవాబులు మూడేసిసార్లు రాసుకురమ్మంటారు. చెయ్యి నొప్పి పుడుతుంది, బుర్రకు మాత్రం పనుండదు.

మోత ఎక్కువైందని ప్రభుత్వాలకూ తెలుసు. అసలు బరువు సంచీలో లేదు, అర్థం కాకపోవడంలో ఉందని యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంది. మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు, ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకు గంట మించకూడదంది. మంచి మాటే. కానీ గంటలు లెక్కపెడితే చాలదు, ఆ గంటలో ఏం చేయిస్తున్నారన్నది చూడాలి. రాత్రి తొమ్మిదింటికి చార్టు, థర్మోకోల్ షీటు కోసం తండ్రి పరుగెత్తి, తల్లి కూర్చుని అతికించిన ప్రాజెక్టుకు మార్కులు పడుతున్నాయంటే పరీక్ష పెట్టింది బిడ్డకా, ఇంటికా? కూలికెళ్ళి చీకటిపడ్డాక తిరిగొచ్చే అమ్మానాన్నలున్న ఇంట్లో అదే పని మర్నాడు తన్నులకో, బడి ఎగ్గొట్టడానికో దారితీస్తుంది. స్తోమత ఉన్నవాళ్ళు ట్యూషన్‌కు పంపి చేయిస్తారు. చదువులో అంతరం బడి గంట కొట్టాక కూడా అలా పెరుగుతూనే ఉంటుంది.

హోంవర్కు లేకపోతే ఫోన్ పట్టుకుని కూర్చుంటారని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం నిజమైనదే. అయితే ఫోన్ నుంచి పిల్లల్ని కాపాడే బాధ్యతను ఇంపొజిషన్ మీద పెడితే చదువంటేనే విసుగు పుడుతుంది. పాఠం పది నిమిషాలు నాయనమ్మకు గట్టిగా చదివి వినిపించమనండి. వినడానికి ఆమెకు అక్షరం ముక్క రానక్కర్లేదు. సాధన లేకుండా ఎక్కాలు వస్తాయా అని ఇంకొకరు అడుగుతారు. రావు. రోజూ కాసేపు చూడకుండా అప్పజెప్పించాల్సిందే, అదీ హోంవర్కే. ఇక టీచర్ల వాదన అన్నిటికంటే బలమైనది: నలభై మంది పుస్తకాలు రోజూ ఎలా దిద్దగలం? దిద్దలేరు, ఇరవై లెక్కలిస్తే ఎనిమిది వందలవుతాయి. అందుకే పేజీ చివర ఎర్రసిరాతో ఒక టిక్కు పెట్టి వదిలేస్తున్నారు, 376 అలాగే దాని పైన ఉండిపోతోంది. నాలుగే ఇస్తే నూట అరవై. అవి కూడా ఎక్కువనిపిస్తే ఒక్కో వరుసవాళ్ళవి ఒక్కో రోజు చూడొచ్చు. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో హోంవర్కు ఇంకా పెంచమని అడగబోయే తల్లిదండ్రులు ముందు పిల్లల నోటుపుస్తకం తెరిచి, తప్పు పక్కన టీచరు ఏమైనా రాశారో లేదో చూసి, దాని గురించి అడగాలి.