పైన పటారం, లోన లొటారం: పాత పడవ అడుగు చెప్పే పాఠం

అమెరికాలో చలికాలం ప్రవేశించగానే చెసాపీక్ అఖాతపు రేవులలోను, మహాసరస్సుల తీరాన చిన్న పడవలను క్రేనుతో పైకెత్తి నేలమీద నిలబెడతారు. నీటిలో ఉన్నంతకాలం ఎవరికీ కనిపించని అడుగుభాగం అప్పుడు వెలుగు చూస్తుంది. పాత ఫైబర్‌గ్లాస్ పడవను ముచ్చటపడి చౌకగా కొన్న యజమానికి, నాచు కడిగించిన తరువాత ఒక్కొక్కసారి గుండె జారిపోతుంది. అడుగంతా రూపాయి బిళ్లంత బొబ్బలు! "దీని పని అయిపోయింది, వదిలించుకోండి" అంటాడొక మిత్రుడు. "బొబ్బలు చెక్కి, పూడ్చి, మంచి రంగు వేసేయండి" అంటాడు మరొకడు. ఈ రెండు సలహాలూ రసాయనశాస్త్రం ముందు నిలవవు.

ఫైబర్‌గ్లాస్‌కు నీటివల్ల చేటు లేదన్న నమ్మకం చాలాకాలం ప్రచారంలో ఉండేది. ఆ పదార్థంలో గాజునార బలాన్నిస్తే, దానిని బంధించి ఉంచేది పాలియెస్టర్ రెసిన్. బయటికి నిగనిగలాడుతూ కనిపించే జెల్‌కోట్ సుమారు అర మిల్లీమీటరు మందం మాత్రమే. అది నీటిని పూర్తిగా ఆపలేదు. నీటి అణువులు దానిలోనుంచి మెల్లగా లోపలికి చేరుతూనే ఉంటాయి. లోపల చర్యలో పాల్గొనకుండా మిగిలిపోయిన గ్లైకాల్ వంటి పదార్థాలు ఆ నీటిలో కరుగుతాయి. పైగా రెసిన్‌లోని ఎస్టర్ బంధాలు కొన్ని జలవిశ్లేషణం చెంది మరికొంత గ్లైకాల్‌ను, ఆమ్లాన్ని పుట్టిస్తాయి. ఆ ఆమ్లమే తిరిగి జలవిశ్లేషణాన్ని త్వరితం చేస్తుంది.

ఇక్కడ ద్రవాభిసరణం రంగప్రవేశం చేస్తుంది. మాగాయకు తరిగిన మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగడం తెలుగు ఇల్లాలికి తెలిసిన విషయమే. పలుచని వైపునుంచి చిక్కని వైపునకు నీరు పొరగుండా ప్రయాణిస్తుంది. పడవ అడుగులో జరిగేదీ అదే. బయటి నీటికన్నా లోపలి ద్రావణం చిక్కన కనుక నీరు లోపలికి చొచ్చుకువచ్చి, పీడనం పెరిగి, జెల్‌కోట్ ఉబ్బుతుంది. ఈ కారణంచేతనే ఉప్పునీటిలోకన్నా మంచినీటి సరస్సులలో, చల్లని నీటిలోకన్నా వెచ్చని నీటిలో బొబ్బల బెడద ఎక్కువ. బొబ్బను చిదిమితే పుల్లని, వినెగార్ వంటి వాసనగల ద్రవం చిమ్ముతుంది. కళ్లద్దాలు లేకుండా ఆ పని చేయరాదు.

మొదటి సలహా ఎందుకు తప్పు? అధికశాతం బొబ్బలు పైపొరకు సంబంధించినవే. వాటివల్ల పడవ మునిగిపోవడం బహు అరుదు. చిన్న సుత్తితో తట్టి చూసినప్పుడు ఖంగుమన్న చోట లోపలి పొరలు గట్టిగా ఉన్నట్లు. బొద్దుగా పలికిన చోట పొరలు విడిపోయి ఉండవచ్చు. అటువంటి చోట నిపుణుని పరీక్ష తప్పనిసరి. 1959లో న్యూయార్క్ ప్రదర్శనలో తొలిసారి జనం ముందుకు వచ్చిన ట్రైటన్ తరగతి తెరచాప పడవలలో కొన్ని నేటికీ నీటిమీద తిరుగుతున్నాయి. గట్టిపడిన ఈ రెసిన్ లోహంలాగా మళ్లీ కరిగేది కాదు. పారవేసిన ప్రతి పడవా నేలకు భారమే. బాగుచేయగలదానిని పారవేయడం పొదుపూ కాదు, వివేకమూ కాదు.

రెండవ సలహా మరింత ప్రమాదకరం. తడి ఆరని అడుగుమీద ఎపాక్సీ పూయడం, చీము తీయకుండా పుండుకు కట్టు కట్టడం వంటిది. పైకి నునుపు, లోపల కుళ్లు. "ఆరబెట్టాం కదా" అనుకోవడమూ చాలదు. ప్రొపిలీన్ గ్లైకాల్ మరుగుస్థానం 188 డిగ్రీల సెల్సియస్. అది గాలికి ఎగిరిపోదు సరికదా, గాలిలోని తేమను తనవైపు లాక్కుంటుంది. కనుక చెడిన జెల్‌కోట్‌ను తొలగించి, వేడి మంచినీటితో పదేపదే కడిగి, వారాలు, అవసరమైతే నెలలు ఆరబెట్టి, తేమ కొలిచి నిర్ధారించుకున్న తరువాతనే మరమ్మతు మొదలుపెట్టాలి. పాత పొరకు పాలియెస్టర్‌కన్నా ఎపాక్సీ గట్టిగా అంటుకుంటుంది. గుంటలు పూడ్చిన తరువాత సుమారు పావు మిల్లీమీటరు మందం వచ్చేవరకు ఎపాక్సీ పూతలు వేయాలి. పూతపై తేలే మైనం వంటి జిడ్డును నీటితో కడగకుండా మరొక పూత వేస్తే శ్రమంతా వృథా. ఆలస్యం అమృతం విషం అంటారు. ఇక్కడ మాత్రం తొందరే విషం.

రక్షణ అంటే పడవకు ఒక్కదానికే రక్షణ కాదు. అరగదీసే మనిషి ఊపిరితిత్తులకు, ఎపాక్సీ తగిలే చేతులకు, పక్కనున్న నీటికి కూడా. నాచు, బార్నకిల్స్ పట్టకుండా ఒకప్పుడు ట్రైబ్యూటైల్ టిన్ కలిపిన రంగులు పూసేవారు. వాటివల్ల ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పెంపకం దెబ్బతినగా 1982లో ఆ దేశం ఆంక్షలు పెట్టింది. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమలులోకి వచ్చింది. వాటి స్థానాన్ని ఆక్రమించిన రాగి రంగులూ నిర్దోషులు కావు. కాలిఫోర్నియా 2018లో వాటినుంచి నీటిలోకి విడుదలయ్యే రాగికి పరిమితి విధించింది. గీకిన రంగుపొడిని గుడ్డపరచి పోగుచేయకుండా రేవు నీటిలోకి వదలడం ఏ యజమానికీ తగదు.

ఈ చర్చ విదేశాలలోని వినోదపు పడవలతో ముగిసేది కాదు. 2004 సునామీ తరువాత ఆంధ్ర తీరంలోనూ ఫైబర్ పడవల వాడకం బాగా విస్తరించింది. రోజూ ఇసుకమీదికి లాగే పడవకు నిరంతరం నీటిలో నిలిచే పడవకున్నంత బొబ్బల భయం ఉండదు. దాని శత్రువు ఒరిపిడి. అడుగు అరిగి గాజునార బయటపడితే ఆ నారవెంటే నీరు లోపలికి పాకుతుంది. నార కనిపించకముందే పూత వేసుకోవడం చౌక. కనిపించిన తరువాత ఖర్చుతోపాటు పనిదినాలూ పోతాయి. ఇక్కడ సరదా చెడితే అక్కడ జీవనోపాధి చెడుతుంది. రెసిన్ల గుట్టు తెలిసిన తెలుగు రసాయనవేత్తలు విదేశాలలో ఎందరో ఉన్నారు. ఈ మరమ్మతు పద్ధతిని సులభమైన తెలుగులో, బొమ్మలతో చిన్న పుస్తకంగా తీరగ్రామాలకు అందిస్తే, ఆ చదువు సార్థకమవుతుంది.