యంత్రముల ముచ్చట: కారులోని పంకా మ్రోత



కుట్టుమిషను, రుబ్బుడుయంత్రము, నీళ్లమోటారు మొదలగువానిని గూర్చి ఈ శీర్షికలో ఇదివఱకు ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున ఇంటిముంగిట నిలుచు కారును గూర్చి, అందును మనకు చల్లనిగాలి నిచ్చు పంకాను గూర్చి నాలుగు మాటలు చెప్పెదను. పిల్లలను బడికి దింపుటకును, పెద్దలను వైద్యునికడకు గొనిపోవుటకును నేడు పెక్కు ఇండ్లలో స్త్రీలే కారు నడుపుచున్నారు. కాని దానిలో ఏ చిన్న మ్రోత పుట్టినను, అది యేమో తెలియక, మరమ్మతువాడు చెప్పినదే వేదమని నమ్మవలసి వచ్చుచున్నది.

నా చిన్ననాటి స్నేహితురాలొకతె బెజవాడలో కాపురమున్నది. ఆమె అత్తగారికి మూత్రపిండముల జబ్బు. వారమునకు మూడుమారులు ఆసుపత్రికి గొనిపోయి రక్తశుద్ధి చేయింపవలెను. గడచిన వైశాఖమున, ఎండ నిప్పులు చెఱుగుచున్న దినములలో, కారులోని పంకా టకటకమని కొట్టుకొన నారంభించెను. మరమ్మతుశాలవారు ఒక్క నిమిషము విని, ముందుభాగమంతయు విప్పి మోటారు మార్చవలెననియు, తొమ్మిదివేల రూపాయలగుననియు, కారును రెండుదినములు తమయొద్ద విడువవలెననియు చెప్పిరి. డబ్బుకంటె ఆ రెండుదినములే ఆమెకు గండమైనవి. ఆ రాత్రి నాతో ఫోనులో మాటాడుచు, "నాకేమియు తెలియదని వానికి తెలిసిపోయినదే!" అని కంట తడిపెట్టినది. ఆమెకు నేను చెప్పిన సంగతులే మీకును చెప్పుచున్నాను.

మొదట తెలిసికొనవలసిన దిది. మ్రోత దేనిని వెంబడించుచున్నదో చూడవలెను. కారు తలుపులు, అద్దములు మూసి, ఇంజను నడపకుండ తాళము మాత్రము త్రిప్పి, పంకాను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని క్రమముగా పెంచుడు. దానితోపాటు మ్రోతయు వేగిరపడినచో దోషము లోపలి పంకాలోనే యున్నది. పిదప పంకాను పూర్తిగా ఆపి ఇంజను నడపుడు. అప్పుడును మ్రోత వినవచ్చినచో పంకా నిర్దోషి. పంకాను మెల్లగా నుంచి చలి మీట నొక్కినప్పుడే మూలుగు మొదలై, ఇంజను వేగముతో హెచ్చినచో, అది ముందు బానెట్టుక్రింద నుండు కంప్రెసరుదో దాని పట్టాదో కావచ్చును. అది మన చేతిపని కాదు. బానెట్టుక్రింది పెద్దపంకా ఇంజను ఆగియున్నను తనంతట తాను తిరుగవచ్చును గనుక అచ్చట చేయి పెట్టరాదు.

ఇక మ్రోత తీరు. టకటకమని కొట్టుకొనుచు పంకాతో వేగిరపడునది తఱచుగా ఆకో, పుల్లయో చిక్కుకొన్న గుర్తు. ముందద్దము దిగువనున్న జల్లెడగుండ వెలుపలిగాలి లోనికి పోవును. చెట్లక్రింద నిలిపిన కారులలోనికి గాలితోపాటు చెత్తయు ఆ దారినే పోవును. గుఱ్ఱుమని అదరుచు మ్రోగినచో పంకా రేకులకు ధూళి పట్టి తూకము తప్పినదేమో చూడవలెను. ఉదయమున మొదట వేసినప్పుడు కీచుమని అఱచి, కొంతసేపటికి ఊరకుండునది మోటారు ఇరుసు అరిగిన సూచన. హోరు హెచ్చి గాలి తగ్గినచో వడపోత దుమ్ముతో మూసికొనిపోయినదని యెంచవలెను. కాలిన వాసన వచ్చినచో మాత్రము పరీక్షలు మాని వెంటనే ఆపవలెను.

వడపోతను చూచుట కష్టము కాదు. తాళము తీసి, పంకా పూర్తిగా ఆగినపిదప, ఎడమవైపు ముందుసీటున కెదురుగానుండు సామానుపెట్టెను ఖాళీ చేయుడు. పెక్కు కారులలో దాని రెండు ప్రక్కలను లోనికి నొక్కినచో అది క్రిందికి వ్రాలును. కొన్నింట ప్రక్కనొక చిన్నత్రాడు ఉండును. దానిని ముందు విడదీయవలెను. వెనుక సన్నని మూత, దానిలో కాగితపు మడతల వడపోత కనబడును. అట్లు కనబడనిచో కారుతో నిచ్చిన పుస్తకము చూడుడు. వడపోతను వంచక మెల్లగా లాగవలెను. లేనిచో పైనున్న చెత్త పంకాలో పడును. అంచుమీది బాణపుగుర్తు ఏవైపున కున్నదో ముందే చూచుకొనుడు. మరల పెట్టునపుడును అటులే యుండవలెను.

నా స్నేహితురాలు మఱునాడు దీపము పట్టుకొని చూడగా, వడపోత ఒకమూల మడతపడి, ప్రక్కన వ్రేలంత సందున్నది. వెనుకటి మరమ్మతులో ఎవరో తొందరగా త్రోసిపెట్టినట్లున్నారు. ఆ సందులోనుండి వేప ఈనెలు జాఱి పంకాలో పడినవి. ఇంటియెదుట వేపచెట్టు క్రిందనే కారు నిలుచునది గదా! చిమటాతో నాలుగు ఈనెలు తీసి, క్రొత్తవడపోత సరిగా అమర్చినంతనే మ్రోత ఆగినది. ఖర్చు నాలుగువందల లోపు. ఆ సాయంకాలమే అత్తగారిని ఆసుపత్రికి గొనిపోయినది.

దీనినిబట్టి మరమ్మతువారందఱు మోసగాండ్రని తలంపరాదు. నా కథయు వినుడు. మాకారు పంకా ఒక వర్షకాలమంతయు కీచుమని అఱచినది. ఎవరో చెప్పగా ఒకచుక్క నూనె వేయించితిని. వారముదినములు ఊరకున్నది, నూనెకు ధూళి అంటుకొని మరల అఱచినది. "అఱచిన నేమి, తిరుగుచున్నది గదా" యని నేను నిర్లక్ష్యము చేసితిని. ఒకనాడు త్రోవలో మోటారు బిగిసి, ఫ్యూజు పోయి, జోరువానలో అద్దముమీది ఆవిరిని తుడుచు గాలియు లేక, దారి కానరాక కారును ప్రక్కకు నిలుపవలసి వచ్చినది. మోటారు ఎట్లును మార్చవలసినదే. అఱుపు మొదలైననాడే మార్చియున్నచో ఆ భయము తప్పెడిది. ఆ తప్పు నాదే.

కాబట్టి మన హద్దు మనము ఎఱిగియుండవలెను. చెత్త తీయుట, వడపోత మార్చుట, మెత్తని పొడికుంచెతో అందినంతవఱకు ధూళి దులుపుట మనము చేయదగినవి. రేకుల కంటియున్న చిన్నలోహపు ముక్కలను చెత్తయని తీయకుడు. అవి తూకమునకై పెట్టినవి. నీళ్లు చల్లకుడు. పసుపుపచ్చని తొడుగుగల తీగలు ప్రమాదసమయమున ఉబ్బు గాలిసంచికి సంబంధించినవి; విద్యుత్తుకారులలో నారింజరంగు తీగలలో ప్రాణాంతకమైన విద్యుత్తు ఉండును. వీనిని తాకరాదు. చలివాయువు గొట్టములను విప్పుట నిపుణులకే తగును.

మరమ్మతుశాలకు పోవలసివచ్చినను, "ఏదో మ్రోత వచ్చుచున్నది" అని ఊరకొనక, "ఇంజను ఆగియున్నను పంకాతోపాటు హెచ్చుచున్నది, వడపోత తీసి చూచితిని, చెత్త లేదు" అని స్పష్టముగా చెప్పుడు. తీసివేసిన పాతభాగమును చూపుమని అడుగుడు. అట్లడిగినవారికి మంచిపనివాడు సంతోషముతో చూపును.

చెట్టునీడ మానవలదు, మన యెండలకు అది కావలసినదే. వారమున కొకమారు ముందద్దము దిగువనున్న ఆకులను చేతితో ఏఱివేయుడు. వాకిలి ఊడ్చినపిమ్మట అది రెండునిమిషముల పని.