ఆటోమేటిక్ కారులో గేర్ ఆయిల్ నిజంగా ‘లైఫ్‌టైమ్’ వస్తుందా? సాలూరు ఘాట్ ఎక్కే కార్లకు ఆ లెక్క చెల్లదు!

సాలూరు అంటేనే లారీలు. ఊళ్లో బాడీ బిల్డింగ్ షెడ్లు, రోడ్డు పక్కన వరసగా బండ్లు. ఘాట్ ఏ గేర్‌లో ఎక్కాలి, ఏ గేర్‌లో దిగాలి అని ఇక్కడ ఎవరిని అడిగినా ఠక్కున చెప్తారు. కానీ ఇప్పుడు అదే 26వ నంబర్ జాతీయ రహదారిపై లారీల వెనకాల క్లచ్ పెడల్ లేని కార్లు కూడా బారులు తీరుతున్నాయి. విశాఖ, విజయనగరం నుంచి కొరాపుట్‌కు, దేవమాలి కొండకు వెళ్లే కుటుంబాలకు ఇదే దారి. మరి ఈ ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్స్‌లో ఉండే ఆయిల్ సంగతేంటి? ఎప్పుడు మార్చాలి? అసలు మార్చాలా?

కారు కొన్నప్పుడు షోరూంలో చాలామందికి వినిపించే మాట ఒకటే. ‘ఇది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, ముట్టుకోనక్కర్లేదు’. అయితే ఎవరి లైఫ్? అసలు మెలిక ఇక్కడే ఉంది.

చాలా కార్ల కంపెనీలకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసి ఇచ్చే జర్మనీ సంస్థ జడ్‌ఎఫ్ మాట చూడండి. 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదంటే ఎనిమిదేళ్లకు ఒకసారైనా ఆయిల్ మార్చాలని ఆ సంస్థ సిఫార్సు చేస్తోంది. అదే గేర్‌బాక్స్ బిగించిన కారు మాన్యువల్‌లో మాత్రం కొన్నిసార్లు లైఫ్‌టైమ్ అని కనిపిస్తుంది. రెండూ అబద్ధం కాదు. గేర్‌బాక్స్ ఎన్నేళ్లు నడవాలన్నది ఒక్కొక్కరు ఒక్కోలా లెక్కేస్తారు, అంతే.

ఇంతకీ సాలూరుకు దీంతో సంబంధం ఏంటి? సాలూరు సముద్ర మట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తులో ఉంటే, కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. పాచిపెంట మండలం పి.కోనవలస దగ్గర ఘాట్ మొదలవుతుంది. మలుపు మీద మలుపు తిరుగుతూ సుంకి వైపు ఎక్కాలి. ముందు లోడు లారీ ఉంటే కారు కూడా దాని నడకే నడవాలి. ఓవర్‌టేక్ చేద్దామంటే ఎదుటి నుంచి ఇంకో లారీ.

ఆటోమేటిక్ ఆయిల్‌కు ఇంతకంటే కష్టమైన పని లేదు. టార్క్ కన్వర్టర్ ఉన్న గేర్‌బాక్స్‌లో ఇంజిన్‌కు, గేర్లకు మధ్య క్లచ్ ప్లేటుకు బదులు ఆయిలే పని చేస్తుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే ఆ గాలికి రెండోది తిరుగుతుంది కదా, అలాంటిదే. హైవేపై ఒకే స్పీడులో వెళ్తుంటే ఆ రెండూ లాక్ అయిపోతాయి, వేడి పెద్దగా పుట్టదు. అదే ఘాట్‌లో లారీ వెనక నెమ్మదిగా పాకుతుంటే లాక్ పడదు. ఇంజిన్ శక్తిలో కొంత ఆయిల్‌ను చిలకడానికే పోతుంది. చిలికితే వేడి. వేడి పెరిగేకొద్దీ ఆయిల్ ఆయుష్షు తగ్గుతుంది. 80 డిగ్రీలు దాటాక ప్రతి 10, 11 డిగ్రీల పెరుగుదలకు ఆయిల్ జీవితం సగానికి పడిపోతుందని మెకానిక్‌లు ఒక మోటు లెక్క చెప్తారు. ల్యాబ్ కొలత కాకపోయినా విషయం అర్థం కావడానికి అది చాలు.

అంటే మీటర్‌లో కనిపించే కిలోమీటర్లు సగం కథే. విశాఖ నుంచి విజయవాడకు హైవేలో తిరిగిన 50 వేలు, సాలూరు - సుంకి మధ్య తిరిగిన 50 వేలు ఒకటి కావు.

ఈ తేడా కంపెనీలకు తెలియక కాదు. కారుతో ఇచ్చే ఓనర్స్ మాన్యువల్‌లో సర్వీస్ షెడ్యూల్ వెనక ఇంకో పట్టిక ఉంటుంది. ‘సివియర్ యూసేజ్’, అంటే కఠిన పరిస్థితుల్లో వాడకం. కొండ దారులు, దుమ్ము, విపరీతమైన ఎండ, ఆగి ఆగి సాగే ట్రాఫిక్, బరువు లాగడం... ఇవన్నీ ఆ జాబితాలో ఉంటాయి. మామూలు పట్టికలో ‘అవసరం లేదు’ అని రాసిన ఆయిల్‌కే ఇక్కడ ఒక కిలోమీటర్ల లెక్క ఇస్తారు. సాలూరు, అరకు, పాడేరు వైపు రోజూ తిరిగే కారు ఏ పట్టిక కిందకు వస్తుందో వేరే చెప్పాలా? కానీ ఆ పేజీ తిప్పేవాళ్లే తక్కువ.

అయితే ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. ఏడాదికోసారి దేవమాలి చూసొచ్చే కారుకు ‘ఘాట్ ఎక్కారు, వెంటనే ఆయిల్ మార్చాలి’ అని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. ఒక్క ట్రిప్పుతో ఆయిల్ పాడైపోదు. వారానికి రెండు మూడుసార్లు కొండెక్కే టీచర్లు, కాంట్రాక్టర్లు, ట్యాక్సీ వాళ్లే ఈ లెక్క పట్టించుకోవాలి. టార్క్ కన్వర్టర్ కారైతే 60 వేల దగ్గరే మార్చేయడం వాళ్లకు నష్టం కాదు. మాన్యువల్‌లో అంతకంటే తక్కువ ఉంటే అదే ఫైనల్.

పైగా ఆటోమేటిక్ అన్నీ ఒకటి కాదు. 2014లో మారుతి సెలేరియోతో జనంలోకి వచ్చిన ఏఎంటీ అసలు మామూలు గేర్‌బాక్సే. క్లచ్ మనం తొక్కకుండా మెషీన్ తొక్కుతుంది. దానిలో ఉండేది మాన్యువల్ గేర్ ఆయిలే. ఘాట్‌లో పాకిస్తే అక్కడ ముందు అరిగేది క్లచ్ ప్లేటు. సీవీటీలో బెల్టు, పుల్లీలు ఉంటాయి, దాని ఆయిల్ వేరు. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి గేర్‌బాక్స్ మొత్తం దెబ్బతినొచ్చు. డీసీటీలో ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌లు, పొడి క్లచ్‌లు అని మళ్లీ రెండు రకాలు. ‘ఆటోమేటిక్ ఆయిల్ ఒక డబ్బా ఇవ్వండి’ అని షాపులో అడిగితే కుదరదు. డబ్బాపై కంపెనీ చెప్పిన గ్రేడ్ పేరు ఉండాల్సిందే.

సాలూరులో మెకానిక్‌లకు కొదవ లేదు. లారీ గేర్‌బాక్స్ కళ్లు మూసుకుని విప్పేవాళ్లున్నారు. కానీ చాలా కొత్త ఆటోమేటిక్ కార్లకు ఆయిల్ చూసే డిప్‌స్టిక్కే ఉండదు. కారు సమతలంగా నిలిపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ లెవెల్ పెట్టాలి. ఆ ఏర్పాటు లేని చోట ఆయిల్ విప్పించుకోవడం కంటే విజయనగరమో విశాఖో వెళ్లడమే మేలు. ఎక్కువైనా, తక్కువైనా ముప్పే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ల కష్టం వేరు. 90 వేలు తిరిగింది, ఆయిల్ మార్చిన బిల్లు లేదు. ఏం చేయాలి? ముందు నడిపి చూడాలి. గేరు ఆలస్యంగా పడుతోందా, గుద్దినట్టు పడుతోందా, ఆర్‌పీఎం పెరిగినా స్పీడు రావడం లేదా? ఇవి ఉంటే కొత్త ఆయిల్ మందు కాదు, ముందు గేర్‌బాక్స్ పరీక్ష చేయించాలి. నడక బాగుంటే మామూలుగా కింద నుంచి దించి కొత్తది పోయించడం మంచిది. అలా దించితే చాలా గేర్‌బాక్సుల్లో సగం లోపే బయటకు వస్తుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి మారుస్తారు. ఏళ్ల తరబడి ముట్టని గేర్‌బాక్స్‌ను మెషీన్‌తో ఒత్తిడి పెట్టి ఫ్లష్ చేయించడంపై మెకానిక్‌లలోనే రెండు వాదనలున్నాయి. కదిలిన మడ్డి సన్నని దారుల్లో ఇరుక్కుంటే ఉన్నది కాస్తా పోతుందన్న భయంలో అర్థం లేకపోలేదు.

రంగు చూసి తీర్పు చెప్పేవాళ్లను మాత్రం పూర్తిగా నమ్మొద్దు. ఎర్రటి ఏటీఎఫ్ వాడకంలో ముదురు రంగుకు తిరగడం మామూలే. మాడిన వాసన వస్తేనే అసలు అనుమానించాలి.

ఇక ఘాట్ మధ్యలోనే డాష్‌బోర్డుపై గేర్‌బాక్స్ వేడెక్కిందని హెచ్చరిక వెలిగితే? చాలా మాన్యువల్స్ చెప్పేది ఇదే. మలుపు దాటి వెడల్పు ఉన్న చోట కారు పక్కకు తీసి, పార్కింగ్‌లో పెట్టి, ఇంజిన్ ఆపకుండా వదిలేయాలి. ఇంజిన్ తిరుగుతుంటేనే ఆయిల్ కూలర్ గుండా తిరిగి చల్లబడుతుంది. హెచ్చరిక పోయాకే కదలాలి. ఈలోగా ముందున్న లారీ కూడా ఎంతో కొంత దూరం వెళ్లిపోతుంది.