దెయ్యానికి పట్టా ఉండదు

అమెరికాలోని డెన్వర్ నగరంలో చీజ్‌మన్ పార్కు ఉంది. రాత్రిపూట అక్కడ నీడలు తిరుగుతాయని, మూలుగులు వినిపిస్తాయని చెప్పుకుంటారు. దెయ్యాలున్నాయా లేవా అన్నది నా తగువు కాదు. దెయ్యాల కథ చెప్పేవాళ్లు దేన్ని చెప్పకుండా దాటేస్తున్నారన్నదే నా ప్రశ్న.

1851 ఒప్పందం ప్రకారం ఆ ప్రాంతం షయాన్, అరపాహో ఆదివాసులది. 1858లో వలసొచ్చినవాళ్లు అక్కడ శ్మశానం పెట్టారు. అంటే మొదటి గోరీయే పరాయి నేల మీద లేచింది. ఊరు పెరిగింది. గోరీల పక్కకి మేడలొచ్చాయి. 1890లో ఆ చోటుని పార్కు చేసుకోవడానికి అమెరికా చట్టసభ ఒప్పుకుంది. మీ వాళ్లని 90 రోజుల్లో తీసుకుపొమ్మన్నారు. స్తోమత ఉన్నవాళ్లు తీసుకుపోయారు. దిక్కులేని పేదలు మిగిలారు.

1893లో మెక్‌గవర్న్ అనే శవపేటికల వ్యాపారికి పెట్టెకి 1 డాలరు 90 సెంట్ల చొప్పున పని అప్పజెప్పారు. అతను పిల్లల సైజు పెట్టెలు తెచ్చాడు. ఒకే మనిషి శవాన్ని ముక్కలు చేసి రెండు మూడు పెట్టెల్లో సర్ది, పెట్టె పెట్టెకీ లెక్క రాయించుకున్నాడు. 'డెన్వర్ రిపబ్లికన్' పత్రిక బయటపెట్టాక కాంట్రాక్టు రద్దయింది. శవాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. ఇంకా సుమారు 2,000 మంది ఆ పచ్చగడ్డి కిందే ఉన్నారని అంచనా. 2010లో తవ్వకాల్లో ఎముకలు బయటపడ్డాయి. పార్కుకి పెట్టిన పేరు మాత్రం ఓ కోటీశ్వరుడిది!

ఇప్పుడు చెప్పండి, ఈ కథలో దెయ్యం ఎవరు?

దెయ్యమంటే పేరు పీకేసిన మనిషి. పేరుంటే వారసులుంటారు. వారసులుంటే లెక్క అడుగుతారు. దెయ్యానికి పట్టా ఉండదు. అందుకే దొంగ లెక్కని దాచి దెయ్యాన్ని ప్రచారంలో పెడతారు.

జెరూసలేం చూడండి. మామిల్లా శతాబ్దాల నాటి ముస్లిం ఖబరస్తాన్. అందులో కొంత మేర మీద ఇజ్రాయెల్ 'స్వాతంత్ర్య' పార్కు వేసింది. ఇంకో ముక్కలో మ్యూజియం కట్టుకోవచ్చని 2008లో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వందల అస్థిపంజరాలు పెకిలించారు. ఆ మ్యూజియం పేరేమిటనుకున్నారు? సహనం మ్యూజియం! ఎవరి సహనం?

చచ్చినవాళ్ల కంటే బతికున్నవాళ్లకి గాలి, నీడ ముఖ్యం కదా అంటారు సెక్యులర్ మిత్రులు. పార్కు వద్దని నేననడం లేదు. ఎప్పుడూ అడిగే దిక్కులేనివాళ్ల గోరీల మీదే ఎందుకు లేస్తుందని అడుగుతున్నాను. తీయక తప్పకపోతే వాళ్లవాళ్లని అడిగి తీయండి. మర్యాదగా తీయండి. పేర్లు చెక్కిన రాయి ఒకటి పాతండి.

మాకు గోరీ భయపడే చోటు కాదు. షబే బరాత్ నాడు వెళ్లి ఫాతిహా చదివే చోటు. దాదా, దాదీ, నానీ పండుకున్న చోటు. 'మీరెక్కణ్ణుంచి వచ్చారు?' అని నిలదీసేవాడికి వేలు పెట్టి చూపించగల దస్తావేజు. దాన్ని చదును చేస్తే పోయేది మట్టి కాదు, ఈ నేల మీద మా సాక్ష్యం.

దెయ్యాల కథలు తర్వాత చెప్పుకుందాం. ముందు పేర్లు చదవండి.