మన ఉత్తరం మన చెవినే పడాలి

"ఒరేయ్, ఆ ఫోన్ టింగుమంది. ఏం వచ్చిందో కాస్త చూసిపెట్టరా!"

మా ఇంట్లో రోజుకు పదిసార్లన్నా వినపడే మాట ఇది. అనేది మా అత్తగారు. వినీ విననట్టు ఊరుకునేది మా అబ్బాయి. రెండోసారి కేకేశాక వస్తాడు. ఫోన్ మీద అరక్షణం చూపు తిప్పి, "ఏం లేదు నాయనమ్మా, ఏదో కంపెనీ వాళ్ళ మెసేజ్" అని చక్కా పోతాడు.

మా అత్తగారు చదువురాని మనిషి కాదు. వారపత్రిక వచ్చిందంటే పొయ్యి మీద పాలు పొంగుతున్నా లేవకుండా సీరియల్ పూర్తిచేసిన మనిషి. నీటికాసుల జబ్బు ఆవిడ చూపును కొద్దికొద్దిగా తినేసింది. మనుషుల్ని పోల్చుకుంటారు, గుమ్మం కనబడుతుంది, అక్షరం మాత్రం కనబడదు. మామగారు పోయాక వచ్చే పింఛను ఆవిడ పేరునే వస్తుంది. దాని తాలూకు కబురంతా ఫోన్లోకే వస్తుంది.

ఆ మధ్య రెండు నెలలు పింఛను పడలేదు. ఎందుకా అని కనుక్కుంటే, ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేదన్నారు. గడువు దగ్గరపడుతోందని మెసేజ్ పంపామన్నారు. వెతికితే నిజంగానే ఉంది. మావాడు "ఏం లేదు" అన్న వాటిల్లో అదీ ఒకటి!

నేను వాడి మీద గయ్యిమన్నాను. అత్తగారు ఆపారు. "వాణ్ణి అంటే ఏం లాభమే? నా ఉత్తరం ఇంకొకరు చదివి పెట్టాల్సి రావడమే నా ఖర్మ" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆలోచిస్తే, ఇది మా అత్తగారి ఒక్కరి సంగతి కాదు. మన అమ్మమ్మల కాలం గుర్తు చేసుకోండి. అత్తారింటి నుంచి కూతురు కార్డు ముక్క రాస్తుంది. తల్లికి చదువు రాదు. పోస్టుమేనో, బడికెళ్ళే పక్కింటి కుర్రాడో అరుగు మీద కూర్చుని చదువుతాడు. చుట్టూ పదిమంది చేరతారు. అలా చదువుతారని ఆ కూతురికీ తెలుసు. అందుకే "ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అన్న దగ్గరే కలం ఆపేసేది. అత్త తిట్టినా, మొగుడు కొట్టినా, కడుపు నిండా తిండి లేకపోయినా ఆ కార్డులో "క్షేమమే". తల్లికి చదువు లేకపోతే కూతురి నోరు కూడా కట్టుబడిపోయిందన్నమాట!

ఇప్పుడు కార్డు పోయి ఫోన్ వచ్చింది. చదివి పెట్టేవాళ్ళు మారారు, అంతే. కొడుకో, మనవడో, మొగుడో, ఎదురింటి అబ్బాయో. వాళ్ళకు తీరికైనప్పుడు చదువుతారు. చెప్పాలనుకున్నది చెబుతారు, వద్దనుకున్నది మింగేస్తారు. ఆసుపత్రి రిపోర్టయినా, బ్యాంకు లెక్కయినా, స్నేహితురాలు చెప్పుకున్న కష్టమైనా ముందు ఇంకొకరి కళ్ళు దాటే మన దాకా రావాలి.

ఈ చిక్కుకు మందు మన చేతిలోనే ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఫోన్ తానే చదివి వినిపిస్తుంది. దీన్నే టెక్స్ట్ టు స్పీచ్ అంటున్నారు. తెర మీది అక్షరాన్ని ఫోన్ గొంతుతో పలికిస్తుంది. కొత్తగా కొనక్కర్లేదు. ఇప్పటి స్మార్ట్ ఫోన్లలో చాలావాటిలో ముందే ఉంటుంది. మనం అడగం గనక అది పలకదు.

యంత్రం చేత మాట్లాడించాలన్న ప్రయత్నం ఇవాళ్టిది కాదు. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బెల్ ల్యాబ్స్ వాళ్ళు వోడర్ అనే యంత్రాన్ని పెట్టారు. అది తనంతట తాను మాట్లాడదు. మీటలు, కాలితో తొక్కే పెడలు కలిపి హార్మోనియం వాయించినట్టు వాయిస్తే మాట పలుకుతుంది. అది నేర్చి వాయించింది ప్రత్యేకంగా తర్ఫీదు పొందిన అమ్మాయిలే! 1976లో అమెరికాలో రే కుర్జ్‌వీల్ అంధుల కోసం అచ్చు పుస్తకాన్ని చదివి వినిపించే యంత్రం తయారుచేశారు. అది బల్ల మీద పెట్టుకునేంత పెద్దది, ధర సామాన్యులకు అందనిది. 2009లో ఐఫోన్‌లో వాయిస్ ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్ బ్యాక్ వచ్చాక ఆ పని అరచేతిలోకి వచ్చేసింది.

మన భాషల సంగతికొస్తే, ఐఐటీ మద్రాసు ప్రొఫెసర్ హేమ మూర్తిగారి ఆధ్వర్యంలో అనేక సంస్థలు కలిసి భారతీయ భాషలకు గొంతునిచ్చే పనిని ఏళ్ళ తరబడి చేశాయి. మన హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందులో ఉంది. ఒక ఆడమనిషి ముందుండి నడిపించిన పని అని తెలిశాక నాకు మరికాస్త సంతోషం వేసింది.

సరే, ఎలా పెట్టుకోవాలి? ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్ తెరిచి, పైనున్న వెతికే చోట "టెక్స్ట్ టు స్పీచ్" అని కొట్టండి. భాష తెలుగు ఎంచుకోండి. తెలుగు గొంతు దించుకోమంటే దించుకోండి. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా పలుకుతుంది. వేగం తగ్గించే గీత కూడా అక్కడే ఉంటుంది. పెద్దవాళ్ళకు తప్పకుండా తగ్గించండి. ఆ తర్వాత యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి "సెలెక్ట్ టు స్పీక్" ఆన్ చేయండి. తెర మీద ఒక చిన్న గుర్తు వస్తుంది. అది నొక్కి, కావలసిన చోట వేలు పెడితే ఆ ముక్క చదువుతుంది. కొంచెం చూపున్నవాళ్ళకూ, చదువు రానివాళ్ళకూ ఇది చాలు. ఐఫోన్‌లోనూ ఈ సదుపాయాలు యాక్సెసిబిలిటీ కిందే ఉంటాయి.

చూపు బొత్తిగా లేనివాళ్ళకు టాక్ బ్యాక్ కావాలి. అది పెట్టగానే ఫోన్ తీరే మారిపోతుంది. ఒకసారి తాకితే అక్కడేముందో చెబుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది, పైకీ కిందికీ జరపాలంటే రెండు వేళ్ళు వాడాలి. ఈ సంగతి తెలియక ఆన్ చేసి, ఫోన్ పాడైందని కంగారుపడి షాపుకు పరిగెత్తినవాళ్ళున్నారు. ముందు పక్కన కూర్చుని నేర్పేవాళ్ళు ఒకరుండాలి. మా అత్తగారికి రెండు వారాలు పట్టింది. మొదటి రోజు "ఈ దయ్యాన్ని తీసెయ్యండి" అన్నారు. మూడో రోజు "ఆవిడ చెప్పేది కాస్త మెల్లిగా చెప్పమను" అన్నారు. దయ్యం "ఆవిడ" అయిందంటే పని జరిగినట్టేనని నాకు అర్థమైంది!

ఇంకో సంగతి చెప్పాలి. మా ఇంటికి పనికొచ్చే ఆవిడ ఇదంతా చూస్తూ ఒకరోజు తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "అమ్మా, నాది కూడా మాట్లాడించండి" అంది. బడి మొహం చూడలేదు. డ్వాక్రా సంఘంలో పొదుపు చేస్తుంది, అప్పు తీసుకుంటుంది, కట్టేస్తుంది. బ్యాంకు మెసేజ్ వస్తే చదివేది వాళ్ళాయన. "ఇంకా పడలేదే" అంటే ఇంకా పడలేదనుకునేది. పడ్డ డబ్బు సగమైపోయాక గానీ తెలిసేది కాదు.

ఇక్కడో ఇబ్బంది వచ్చింది. ఆ మెసేజ్‌లు ఇంగ్లీషులో ఉన్నాయి. ఫోన్ చదివినా ఆవిడకేం అర్థమవుతుంది? ఇద్దరం కూర్చుని మూడు మాటలు బట్టీ పట్టాం. క్రెడిటెడ్ అంటే పడింది. డెబిటెడ్ అంటే పోయింది. బ్యాలెన్స్ అంటే మిగిలింది. అంకెలు ఇంగ్లీషులో ఆవిడకు ముందే వచ్చు, బజారులో బేరాలు చేసే మనిషి కదా! వారం తిరక్కుండా వచ్చి, "నిన్న పొద్దున పడింది, సాయంత్రం ఆయన పడలేదన్నాడు" అని నవ్వింది. ఆ నవ్వులో సంతోషమెంతో బాధ అంత ఉంది. ఆ తర్వాత ఏటీఎం కార్డు తన పెట్టెలోకి మారిందట. మెసేజ్ వినడమంటే ఇంత సంగతి ఉందా అని నేనే ఆశ్చర్యపోయాను.

అలాగని ఇదేదో కామధేనువు అని చెప్పను. లోపాలున్నాయి. మన పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు చూడండి, దాన్ని ఈ గొంతు చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. కనుక అమ్మకో, అత్తకో మెసేజ్ పెట్టేటప్పుడు తెలుగు అక్షరాల్లోనే పెట్టండి. ఫొటోగా వచ్చిన అక్షరాలను ఒక్కోసారి చదవదు. దానికీ, మందుల డబ్బాకీ, కరెంటు బిల్లుకీ కెమెరా పెట్టి చదివించే గూగుల్ లెన్స్ లాంటివి వేరే ఉన్నాయి. కానీ మందు పేరూ మోతాదూ మాత్రం ఒక్క ఫోన్ మాట మీదే నమ్మకండి, మనిషిని కూడా అడగండి.

జాగ్రత్తలు మరీ ముఖ్యం. ఫోన్ గట్టిగా చదివితే వినేది మనమొక్కరమే కాదు. బస్సులో ఓటీపీ గట్టిగా పలికిందంటే ఇంటి తాళం చెవి నడిబజారులో పెట్టినట్టే. చవకరకం ఇయర్‌ఫోన్ ఒకటి కొని పెట్టుకోండి, ఒక చెవికి చాలు. రెండోది, చదివిపెడతామంటూ ఎక్కడెక్కడి యాప్‌లో వస్తుంటాయి. యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వడమంటే మన తెర మీద ఉన్నదంతా చూడనివ్వడం, మన బదులు మీటలు నొక్కనివ్వడం. మోసగాళ్ళు వాడుకునే దారుల్లో అదొకటి. ఫోన్‌తో వచ్చినవి చాలు. ఎవరో పంపిన లింకు నొక్కి దించుకోవద్దు.

మనం నేర్చుకుంటే సరిపోదు, అవతలివాళ్ళు కూడా మారాలి. కొన్ని యాప్‌లలో మీటలకు పేర్లుండవు. చూసేవాళ్ళకు బొమ్మ కనబడుతుంది, వినేవాళ్ళకు "బటన్, బటన్" అని మాత్రమే వినబడుతుంది. ఏది డబ్బు పంపే మీటో, ఏది వెనక్కి వెళ్ళే మీటో ఎలా తెలుస్తుంది? 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఈ విషయంలో గొప్ప తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడిని తట్టుకుని నిలబడ్డ ప్రజ్ఞా ప్రసూన్, మరికొందరు వేసిన కేసు అది. ఖాతా తెరవాలంటే కెమెరా ముందు కన్నార్పాలంటే, కనురెప్పలు దెబ్బతిన్నవాళ్ళూ, చూపు లేనివాళ్ళూ ఎక్కడికి పోవాలని వాళ్ళు అడిగారు. డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. అంటే మన అత్తలూ, అమ్మలూ అడిగేది దయ కాదు, హక్కు. బ్యాంకుకు వెళ్ళినప్పుడు "మాకు మెసేజ్ తెలుగులో పంపండి" అని నోరు తెరిచి అడగండి. పదిమంది అడిగితే వాళ్ళే దారి చూస్తారు.

చదివి వినిపించే ఫోన్ వచ్చింది కదా, ఇక ఆడవాళ్ళకు చదువెందుకు అనేవాళ్ళు కూడా బయల్దేరతారు. వాళ్ళ మాట వినకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్ళు దాటిన ఆడవాళ్ళలో చదవను రాయను వచ్చినవాళ్ళు 59 శాతమే. ప్రతి ఐదుగురిలో ఇద్దరికి అక్షరం అందలేదు. ఆ బాకీ ఫోన్‌తో తీరదు. ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, పగిలిపోతుంది. సంతకం పెట్టాల్సిన కాగితం మీద ఏముందో ప్రతిసారీ అది చెప్పలేదు. వచ్చిన చదువు చావదు. మా పనావిడకు వినడం వచ్చాక చదవాలన్న కోరిక పుట్టింది. ఫోన్ చదువుతుంటే ఆ అక్షరం మీద వేలు పెట్టి చూసుకుంటోంది. ఇప్పుడు తన పేరు, కూతురి పేరు గుర్తుపడుతుంది.

మీ ఇంట్లోనూ ఒక అత్తో, అమ్మో, పిన్నో ఉంటారు. "ఏం వచ్చిందో చూసిపెట్టు" అని ఎవరినో ఒకరిని బతిమాలుకుంటూ ఉంటారు. ఈ ఆదివారం ఒక గంట ఆవిడ పక్కన కూర్చోండి. ఫోన్ మీ చేతిలోకి లాక్కోకుండా, ఆవిడ వేలితోనే నొక్కించండి. విసుక్కోకండి. మనకు అక్షరాలు దిద్దించినప్పుడు ఆవిడ విసుక్కోలేదు.

నిన్న సాయంత్రం మళ్ళీ ఫోన్ టింగుమంది. అత్తగారు చెవిలో ఇయర్‌ఫోన్ సర్దుకుని, కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నారు. పెదవుల మీద చిన్న నవ్వు. మావాడు ఆగలేక, "ఏం వచ్చింది నాయనమ్మా?" అన్నాడు.

"ఏం లేదురా" అన్నారావిడ దర్జాగా. "నాకేదో ఉత్తరం!"